ఆదివారం కొట్టిన కలుపు మందు

మా ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, బండ తొలిచి చదును చేసిన ఒక వాలు మీద ఉంటుంది. ఇంటి ముందు చిన్న పచ్చిక. పదిహేను మంచాలు వేస్తే నిండిపోయేంత. అది వేయించింది నేనే. గుంటూరు జిల్లాలో మేం పెరిగిన ఇంటి ముందు నల్లరేగడి వాకిలి ఉండేది. వానొస్తే కాలికున్న చెప్పు ఆ మట్టిలోనే ఉండిపోయేది. పాతికేళ్లు డబ్బింగ్ చెప్పి, కథానాయికల తల్లులకూ అత్తలకూ గొంతిచ్చి కట్టుకున్న ఇంట్లో కాళ్లకు మట్టి అంటకూడదని నాకొక పట్టుదల. పచ్చిక మెత్తగా ఉండాలి, ఒకే రంగులో ఉండాలి, అందులో ఇంకేదీ మొలవకూడదు.

కానీ మొలిచేవి. వానాకాలం వచ్చిందంటే తుంగ, నేల ఉసిరి, పులిచింత, అన్నిటికంటే ఎక్కువగా గంగవాయిలి. ఎర్రటి కాడలతో, చిన్న చిన్న మందపాటి ఆకులతో అది నేలకు అతుక్కుని చాపలా పరుచుకుంటుంది. ఈ కలుపు ఏరడానికి పదిహేను రోజులకొకసారి, మంగళవారం పూట, ఒకామె వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయేమో. ఎనిమిదేళ్లుగా వస్తోంది. గొంతుక్కూర్చుని చిన్న ఖుర్పీతో కలుపును వేరుకంటా లేపేది. చేతులకు ఏమీ తొడుక్కునేది కాదు. వేలితో తడిమితేనే వేరు ఎంత లోతుందో తెలుస్తుందనేది.

ఆమె నన్ను "అమ్మా" అని పిలిచేది, "నువ్వు" అని మాట్లాడేది. "అండీ"లకు అలవాటుపడ్డ నా చెవికి మొదట్లో ఆ "నువ్వు" కాస్త గుచ్చుకునేది. కొన్నాళ్లకి అందులో అగౌరవమేమీ లేదని అర్థమైంది. గంగవాయిలిని మిగతా కలుపులో కలవనివ్వకుండా పక్కన పెట్టుకుని, వెళ్లేటప్పుడు కొంగులో మూటగట్టుకునేది.

"గిదాన్ని కలుపంటవేందమ్మా? పప్పుల ఏస్తే మా అత్త రెండు బుక్కలు ఎక్కువ తింటది," అనేది.

మా వైపు కూడా దాన్ని తినకపోలేదు. గంగపాయల కూర అని మా అమ్మమ్మ వండేది. అయినా బజారులో కట్టలుగా కొంటే అది కూర, నా పచ్చికలో మొలిస్తే కలుపు. నా లెక్క అలా ఉండేది.

ఆ ఏడాది వేసవిలో నా గొంతులో, స్వరపేటిక మీద ఒక చిన్న కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆరు వారాలు నోరు విప్పవద్దన్నారు. ఆ ఆరు వారాలూ పలక మీద రాసి చూపిస్తూ బతికాను. గొంతు తిరిగి వస్తే చర్చి వాళ్లను పిలిచి ఇంట్లో కృతజ్ఞతా కూడిక, అంటే ప్రార్థన, పెట్టుకుంటానని దేవుడికి మొక్కుకున్నాను. వచ్చింది. మునుపటికంటే కొంచెం బొంగురుగా, కానీ వచ్చింది. మళ్లీ రికార్డింగులకు పిలవడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం కూడిక పెట్టుకున్నాం. మా చర్చి సంఘం నుంచి నలభై మంది దాకా వస్తారు. పచ్చిక మీదే కూర్చోబెట్టాలని నా ముచ్చట.

సరిగ్గా అప్పుడే ఆమె రావడం తప్పింది. ముందు బోనాలన్నది, తర్వాత వాళ్ల అత్తకు జ్వరమన్నది. రెండు మంగళవారాలు పోయాయి. ఆ వానలకు కలుపు చెలరేగింది. పొద్దున కాఫీ తాగుతూ వరండాలో కూర్చుంటే పచ్చికకు బదులు గంగవాయిలే కనిపించేది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. అత్తకు జ్వరమొస్తే ఈమెకేం, రెండు గంటలు వచ్చి పోలేదా అని మావారితో అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

యూసుఫ్‌గూడ వెళ్లే దారిలో విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు అమ్మే దుకాణం ఒకటుంది. కూడికకు ఇంకా వారం ఉందనగా, శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. దుకాణదారు పెద్దాయన, నింపాదైన మనిషి. కలుపు మందు కావాలంటే వెంటనే ఇవ్వలేదు. ఏ గడ్డి వేశారు, అందులో ఏమేం మొలుస్తున్నాయి అని అడిగాడు. నేను ఫోనులో తీసిన ఫొటో చూపించాను.

"ఇది వెడల్పాకు కలుపు, దీనికి మందుంది. గడ్డి జోలికి పోదు, ఆకుల్నే పట్టుకుంటది. తుంగ మాత్రం దీనికి చావది, అది చేత్తో తీపియ్యాలె," అన్నాడు. సీసా బల్ల మీద పెట్టి, చేతిని మాత్రం దాని మీద నుంచి తియ్యలేదు. "జర ఇనున్రి మేడమ్. గ్లవ్స్ ఏస్కోవాలె. మూతికి మాస్కు, కండ్లకు అద్దాలు. గాలి లేనప్పుడు, వాన రాదనుకున్నప్పుడు కొట్టాలె. మూతతోటి కొలిచి కలపాలె, జాస్తి పోస్తే జల్ది చస్తదనుకోవద్దు. రెండు మూడు దినాలు పిల్లలు, కుక్కలు అందుల అడుగు పెట్టొద్దు. ఇంట్ల పనోళ్లుంటే ముందుగాల చెప్పున్రి."

నేను తలూపుతున్నాను. అదే సమయంలో సోమవారం రికార్డింగ్ ఎన్నింటికో చెప్పడానికి స్టూడియో వాళ్లు ఫోన్ చేశారు. ఒక చెవితో వాళ్లను వింటూ, ఇంకో చెవితో ఇతన్ని విన్నాను. సీసా మీద విషం సంగతి తెలిపే రంగు ముక్కోణం ఉంది. డబ్బాలో మడిచిన కాగితం ఉంది. అందులో అన్ని భాషల్లోనూ చీమతలకాయంత అక్షరాలు. ఇంటికొచ్చి తెలుగు భాగం కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి కూడా నాకు వీలు లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, సాయంత్రం గాలి పడిపోయిన వేళ మందు కొట్టాను. మావారి వానకోటు తొడుక్కున్నాను. గిన్నెలు తోమే గ్లవ్స్ కాదు, కొత్తవి కొని వేసుకున్నాను. మూతతో కొలిచాను. పక్కింటి వాళ్ల కరివేపాకు చెట్టు మీద పడకుండా గోడవారన అట్టముక్క అడ్డం పెట్టి కొట్టాను. పిచికారీ డబ్బా మూడుసార్లు కడిగాను. ఇక దాన్ని మొక్కలకు నీళ్లు చల్లడానికి వాడకూడదని దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను. సీసా గ్యారేజీ అలమారులో పెట్టి తాళం వేశాను. మా కుక్కను వరండాలో గొలుసుతో కట్టేశాను. బట్టలు విడిగా ఉతికాను, తలస్నానం చేశాను. మావారు నవ్వి, "ఏంటి, బాంబు తయారు చేసినట్టున్నావు," అన్నారు. నేను కూడా నవ్వాను. పద్ధతిగా చేశానని నాకు లోపల గర్వంగానే ఉంది.

ఆ పచ్చికలో ఒట్టి చేతులతో కూర్చునే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆమెకు నేను చెప్పలేదు. మర్చిపోయానని అనొచ్చు. కానీ మర్చిపోవాలంటే ముందు తలపుకు రావాలి. కుక్క వచ్చింది, పక్కింటి కరివేపాకు వచ్చింది, ఆమె రాలేదు.

సోమవారం పొద్దున్నే తొమ్మిదింటికి నేను స్టూడియోకు వెళ్లిపోయాను. మావారు అంతకుముందే కాలేజీకి వెళ్లారు. ఆయన ఫిజిక్స్ లెక్చరరు. మా పక్క గేటు గొళ్లెం బయటి నుంచి చెయ్యి పెట్టి తీయొచ్చు. ఆమెకు అది తెలుసు.

డబ్బింగ్ గదిలో ఫోన్ మోగకుండా పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు విరామం ఇచ్చినప్పుడు చూసుకున్నాను. ఆమె పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. ఆమెకు చదువు రాదు, ఏదైనా మాటల్లోనే చెప్పి పంపుతుంది. పదిన్నరకు పంపినది.

"అమ్మా, రేపు కాకుండ ఇయ్యాల్నే వచ్చిన. శనారం నీకు పార్థన ఉన్నదంటివి గదా, ఫికర్ చేస్తవని వచ్చిన. సగం దాంక తీసిన. మిగిలింది ఎల్లుండొచ్చి తీస్త. గంగవాయిలి మస్తు దొరికిందమ్మా, జర వాడినట్టున్నది, ఎండకేమో. ఇంటికి తీస్కవోతున్న. ఉంట మరి."

నేను కాఫీ కప్పు కింద పెట్టాను. వెంటనే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి కూడా మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడు గాజు అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు, "మేడమ్, ఇంకా రెండు సీన్లే. అయిపోతే మిమ్మల్ని వదిలేస్తాం," అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను.

ఈ వాక్యం రాయడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది. నేను లోపలికి వెళ్లి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండు సీన్లు చెప్పాను. రెండు సీన్లకు రెండు గంటలు పట్టింది. ఎందుకు వెళ్లావంటే నా దగ్గర అప్పుడు చాలా కారణాలున్నాయి. ఆమె మధ్యాహ్నం ఇంకో ఇంట్లో పనికి వెళ్తుంది, రాత్రికి గానీ వండదు. వండే ముందు కడుగుతుంది. మందు చాలా పలచన. ఆపరేషన్ తర్వాత నన్ను నమ్మి పిలిచిన మొదటి పెద్ద సినిమా ఇది, మధ్యలో లేచిపోతే గొంతు ఇంకా బాగుపడలేదనుకుంటారు. అన్నిటికంటే అడుగున ఉన్న కారణం వేరు. ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. తెర మీద పెదవులకు మాట కలుపుతూనే, మధ్య మధ్య ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని లోపల కూడబలుక్కుంటున్నాను. "నువ్వు చెప్పకుండా వచ్చావు కదా" అని మొదలుపెడితే తప్పు సగం ఆమె మీదికి పోతుంది. నిజంగానే అలా ఆలోచించాను.

మూడుంబావుకు బయటపడి ఆటో ఎక్కాను. ఎక్కడికని అడిగితే చెప్పలేకపోయాను. ఎనిమిదేళ్లుగా ఆమె మా ఇంటికి వస్తోంది, ఆమె ఇల్లు నాకు తెలియదు. మోతీనగర్ వెనకాల, బోరబండ దిక్కు, నీళ్ల ట్యాంకు దగ్గర అని ఎప్పుడో అన్నది గుర్తుంది. మధురానగర్ మీదుగా వెళ్తుంటే దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతూనే ఉంది.

నీళ్ల ట్యాంకు దగ్గర కిరాణా కొట్టులో అడిగాను. "ఫిల్మ్ నగర్‌ల గడ్డి తీసే అక్కనా? గా సందులకు పోయి ఎడమకు తిరుగున్రి, నీలం తలుపు," అని చెప్పారు.

తలుపు తీసే ఉంది. ఒకటే గది. గోడవారన చాప మీద వాళ్ల అత్త కూర్చుని ఉంది. డెబ్బై అయిదేళ్ల పైన ఉంటాయి. ఆమె తల పక్కనే గూట్లో ఫోన్ చార్జింగుకు పెట్టి ఉంది, నేను చేసిన మిస్డ్ కాల్స్ తెర నిండా ఉన్నాయి. పొయ్యి దగ్గర బోర్లించిన గిన్నె. కడిగిన పళ్లెం. ఇంకో గిన్నె మీద మూత.

మూత తీశాను. పప్పు. పసుపుపచ్చని పప్పులో చిన్న చిన్న ఆకులు. మూడొంతులు మిగిలి ఉంది.

"పెద్దమ్మా, ఇది తిన్నారా?" అన్నాను.

"ఏంది?" అంది.

"ఈ పప్పు. తిన్నారా?"

"జర జోరుగ చెప్పు బిడ్డా. చెవులు ఇనరావు."

డాక్టరు నన్ను అరవొద్దన్నారు. నేను అరిచాను. తిన్నారా అని అరిచాను. తిన్ననంది. కోడలు పనికి పోయేముందు వండిపెట్టిందని, చానా బాగుందని, మూడింటికి కడుపుల తిప్పితే ఒకసారి కక్కుకున్ననని, గ్యాసని అనుకున్ననని చెప్పింది. అందులో మందుంది అని అరిచాను. ఏం మందు, జరానికా అంది. ఆ గదిలో నిలబడి, ఆపరేషన్ చేసిన గొంతుతో, "గడ్డి మీద కలుపు మందు కొట్టాను, నేను చెప్పలేదు, ఆ ఆకే ఇది," అని మూడుసార్లు అరిచి చెప్పాను. మూడోసారికి ఆమెకు వినిపించింది. అప్పటికి సందు మొత్తానికి వినిపించింది.

తలుపు దగ్గర పదిమంది చేరారు. ఎవరో, "గడ్డిమందంటనే," అన్నారు. ఆ మాటతో అందరి ముఖాలు మారిపోయాయి. పల్లెల్లో ఆ మాటంటే తాగినవాళ్లు బతకరని అర్థం, అది నాకూ తెలుసు. ఇది అది కాదు, వేరే రకం అని చెప్పబోయాను. నా మాట ఎవరూ వినలేదు. ఒకావిడ అప్పటికే చెంబుతో ఉప్పునీళ్లు తెచ్చి ముసలామెకు తాగిస్తోంది.

ఆ గుంపు వెనకాల ఆమె కనిపించింది. మధురానగర్‌లో పని ముగించుకుని అప్పుడే సందులోకి వచ్చినట్టుంది. చేతిలో సంచి అలాగే ఉంది. ఎప్పటి నుంచి వింటోందో నాకు తెలియదు. నన్నేమీ అడగలేదు. జనాన్ని తోసుకుని వచ్చి, "ఆటో ఉన్నదా?" అంది.

ఉందన్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ముసలామెను ఎక్కించాం.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. మొదటి ప్రశ్న, ఏ మందు అని. పేరు చెప్పాను గానీ అందులో ఏముందో చెప్పలేకపోయాను. మావారికి ఫోన్ చేసి అలమారు తాళం ఎక్కడుందో చెప్పి, సీసా మీది కాగితం ఫొటో పంపించమన్నాను. డాక్టరమ్మ అది చదివింది. ఉప్పునీళ్లు ఎవరు తాగించారని అడిగి కోప్పడింది. ఇలాంటప్పుడు బలవంతంగా కక్కించకూడదు, సీసానో కాగితమో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి రావాలి, అంతే అంది. ఆకు మీద పడినది కొద్దిగా, కడిగి వండినది, తిన్నది కొద్దిగా, భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చు, కానీ వయసు రీత్యా రేపటి దాకా చూడాలి అంది. ఆ వాంతి కలుపు మందు వల్లనా, జ్వరం తగ్గిన నీరసం వల్లనా అంటే చెప్పలేనంది. తర్వాత కోడలి చేతులు చూసింది. మణికట్ల దాకా ఎర్రగా దద్దుర్లు. పొద్దుటి నుంచి దురద పెడుతుంటే చీమలు కుట్టాయనుకుందట. సబ్బుతో మళ్లీ మళ్లీ కడుక్కోమని పంపించింది.

కడుక్కుని వచ్చి వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చుంది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను నా చున్నీ ఇవ్వబోతే వద్దని కొంగుకు తుడుచుకుంది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా, నేనొచ్చి పోయిన్నని?" అంది.

ఆమె గొంతులో అనుమానం లేదు. ఊరికే అడిగింది.

"ఇప్పుడే," అన్నాను. "పని అయిపోయి ఫోన్ చూసుకున్నాక. మూడు దాటాక."

"ఇనంగనే ఉరికొచ్చినవ్," అంది. "ఇల్లు గిట్ల తెల్వకున్నా దేవులాడుకుంట వచ్చినవ్. నువ్వు రాకుంటే రాత్రి నేను గూడ తింటుంటి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ దద్దుర్ల చేతితో నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేను, అలా ఉంచనూలేను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ల అత్తను పంపించేశారు. ఆసుపత్రి ఉప్మాలో ఉప్పు లేదని ఆమె గట్టిగా ఫిర్యాదు చేస్తుంటే అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

శనివారం కూడిక జరిగింది. మానేద్దామన్నాను. మావారు ఒప్పుకోలేదు, అందరికీ చెప్పేశాం కదా అన్నారు. అప్పటికి పచ్చికలో ఆమె తీయకుండా మిగిలిన కలుపు మెలికలు తిరిగి, కాడలు వంకర్లు పోయి, పసుపు రంగుకు దిగింది. చూడ్డానికి కలుపుకంటే అసహ్యంగా ఉంది. చివరికి ఏం చేశామంటే, ఆ కొస నుంచి ఈ కొసకు జంపఖానాలు పరిచేశాం. కింద ఏముందో వచ్చినవాళ్లలో ఒక్కరికీ కనపడలేదు.

పాటలయ్యాక పాస్టర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. పోయిన గొంతు దేవుడు తిరిగి ఇచ్చాడని చెప్పాలి, నేను రాసుకున్నది అదే. రెండు మాటలు చెప్పేసరికి ఏడుపొచ్చింది. అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టర్ గారి భార్య వచ్చి నన్ను పొదువుకుంది. కృతజ్ఞతతో ఏడుస్తున్నాననుకున్నారు. నేను వాళ్లను అలాగే అనుకోనిచ్చాను.

ఆ రాత్రి మావారికి మొత్తం చెప్పాను. ఒంటిగంటకే తెలుసనీ, అయినా లోపలికి వెళ్లాననీ, ఆమెతో అబద్ధమాడాననీ. ఆయన, "అయిందేదో అయింది. పెద్దావిడ బాగానే ఉంది. ఇప్పుడు చెబితే నీ బరువు దిగుతుందేమో గానీ ఆవిడకేం లాభం?" అన్నారు. ఆయన మాట నాకు సౌకర్యంగా తోచింది. అందుకే దాన్ని పట్టుకుని ఒక నెల గడిపాను.

నెల తర్వాత ఒక మంగళవారం ఆమె వచ్చింది. గేటు అవతలే నిలబడి, "ఏమన్న కొట్టినవా అమ్మా?" అని అడిగింది. ఎనిమిదేళ్లలో గేటు బయట నిలబడి అడిగి లోపలికి రావడం అదే మొదటిసారి. ఏమీ కొట్టలేదన్నాను. వచ్చి కూర్చుంది. తుంగ పీకడం మొదలుపెట్టింది. ఆమె కోసం కొన్న గ్లవ్స్ ఇచ్చాను. వేసుకుంది, వేళ్లకు వదులుగా ఉన్నాయంది.

నేను కూడా ఆమె పక్కన పచ్చికలో చతికిలబడ్డాను. కాళ్లకు తడి అంటింది.

"ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను," అన్నాను. "నీ మెసేజ్ నేను ఒంటిగంటకే విన్నాను. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. అప్పుడే బయల్దేరాల్సింది. రెండు సీన్లు మిగిలాయని వెళ్లి చెప్పుకున్నాను. మూడుంబావు దాకా చెప్పుకున్నాను."

ఆమె ఖుర్పీ ఆగింది. తల ఎత్తలేదు. ఒక తుంగ గడ్డ సగం బయటికి వచ్చి ఉంది, దాన్ని పూర్తిగా లాగి మట్టి దులిపింది.

"మా అత్త పన్నెండున్నరకే తిన్నదమ్మా," అంది. "నువ్వు ఒంటిగంటకు ఉరికొచ్చినా గామె తిన్నంకనే వస్తుంటివి."

నాకు ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. నిజమే కదా, నేను వెళ్లినా జరిగేది అదే కదా అనిపించింది. ఆమె ఇంకా మాట్లాడటం పూర్తి చెయ్యలేదు.

"గని నీకు అది తెల్వదు గదా," అంది.

కోపంగా అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు అంది. నాకు తెలియదు. ఆ రెండు గంటలూ నా వరకు ఆ ముసలామె ఇంకా తినని మనిషి, ఆపగలిగిన మనిషి. అది తెలిసే నేను పెదవులకు మాటలు కలుపుతూ కూర్చున్నాను.

క్షమించమన్నాను. ఆమె, "జర జరుగమ్మా, గాడ గూడ ఉన్నది తుంగ," అంది. జరిగాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం కలుపు తీశాం. ఆమె నాలుగు గడ్డలు తీస్తే నేను ఒకటి తీశాను, అది కూడా వేరు తెగి. కొత్తగా మొలిచిన గంగవాయిలిని ఆమె మిగతా చెత్తతో పాటే సంచిలో పడేసింది. ఇది మందు తగలనిది, వానలకు మళ్లీ మొలిచింది, తీసుకెళ్లు అనబోయాను.

ఇప్పటికీ వస్తుంది. ఇప్పటికీ గేటు బయట నిలబడి అడుగుతుంది. నేను ఇక మందు కొట్టలేదు. మిగిలిన సీసా ఏం చెయ్యాలో అడగడానికి ఆ దుకాణానికి వెళ్తే పెద్దాయన, "మోరీల పొయ్యొద్దు, చెత్తల పడెయ్యొద్దు, ఇంకో సీసాల మార్చొద్దు. కాగితం దానితోటే ఉంచి తాళమేసి పెట్టున్రి. ఇసుంటియి వాపస్ తీస్కునే కాడ కనుక్కొని చెప్త," అన్నాడు. తర్వాత, "ఇంట్ల పనోళ్లకు చెప్పినరా?" అని అడిగాడు. ఆయనకు జరిగింది తెలియదు. చెప్పాను అన్నాను. ఇంకో అబద్ధం.

డిసెంబరులో కేకు తీసుకుని మోతీనగర్ వెనకాల వాళ్లింటికి వెళ్లాను. ఈసారి దారి అడగక్కర్లేదు. ఆమె పని మీద ఎక్కడికో వెళ్లింది. వాళ్ల అత్త గడప మీద ఎండలో కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా ఎదురింటి వైపు తిరిగి, "గడ్డిమందు మేడమొచ్చిందే. జర చాయ్ పెట్టున్రి," అని కేకేసింది.

ఎదురింట్లోంచి ఒకావిడ తొంగి చూసి, తలూపి లోపలికి వెళ్లింది. ముసలామె పక్కకు జరిగి గడప మీద నాకు చోటిచ్చింది. కూర్చున్నాను.